గోడలో గూడు

“తేనె లాంటి మనిషి వెళ్ళిపోయింది” అని నేను మునుపు పనిచేసిన ఊరి వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. బదిలీ మీద తాడిపత్రికి వచ్చేసినా ఆ గ్రూపులోంచి నేనింకా బయటికి రాలేదు. ఆ మాట చదవగానే నాకు ఒళ్ళు మండింది.

ఆమె తేనె లాంటి మనిషి కాదు. ఆమె గొంతు లేస్తే వీధి చివర పడుకున్న కుక్క లేచి పక్క సందులోకి పోయేది. అసలు ఆమె జన్మలో తేనె నోట్లో పెట్టుకోలేదు. “ఈగ కక్కిన ఎంగిలి నాకెందుకు టీచరమ్మా, ఇంట్లో బెల్లం లేదా?” అనేది. చేతులు జోడించిన వాళ్ళలో ఒక్కరికి కూడా ఈ సంగతి తెలియదు. తెలుసుకోవాలని ఎవరికి ఉంది? బతికున్నప్పుడు ఆమెను గురించి వాళ్ళు అనుకున్న మాటలు నేను విన్నాను. ఆ మాటలు ఏ గ్రూపులోనూ పెట్టరు.

కణేకల్ దారిలో ఉన్న ఆ ఊరి బడికి నన్ను వేసినప్పుడు అద్దెకు దొరికింది ఆమె ఇంటి ముందు గది. ఒకప్పుడు అది ఒకే ఇల్లు. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు నడిమధ్యన గోడ లేపారు. గోడకు ఈ పక్క తమ్ముడి పెళ్ళాం, అంటే ఆమె. పెళ్ళయిన కొన్నేళ్ళకే మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఆ పక్క ఆమె బావ, ఆయన భార్య, కొడుకూ కోడలూ. ఊళ్ళో ఆ ఇద్దరు తోడికోడళ్ళనూ పెద్దామె, చిన్నామె అనేవాళ్ళు. చిన్నామెకు యాభై దాటినా ఆ పేరే నిలిచిపోయింది. నేను మాత్రం అక్కా అనేదాన్ని.

ఏదో పథకం కింద ఆ ఊరి ఆడవాళ్ళకు తేనె పెట్టెలు పంచారట. నేను వచ్చేసరికి అందరి పెట్టెలూ వేరే పనుల్లో కుదురుకున్నాయి. ఒకరింట్లో అందులో కోడి పొదుగుతోంది, ఇంకొకరింట్లో ఎర్రగడ్డలు పోశారు. ఈగలున్న పెట్టెలు ఒక్క ఆమె పెరట్లోనే మిగిలాయి. ఆమెకు తేనెటీగల మీద ప్రత్యేకమైన ప్రేమ ఉందని నేననుకోను. చేతికొచ్చిన దాన్ని వదిలేయడం ఆమెకు రాదు, అంతే. వేపచెట్టు నీడలో రాళ్ళ మీద నాలుగు పెట్టెలు పెట్టి, వాటి ముందు ఒక నాపరాయి బండ వేసుకుని, ఆ బండ మీద జీవితం గడిపింది.

పొద్దున నేను బడికి బయల్దేరేటప్పుడు నన్ను వాసన చూసేది. నిజంగానే. మెడ దగ్గరికి ముక్కు తెచ్చి గట్టిగా పీల్చేది. “ఏం పూసుకున్నావు? సెంటా? ముందర వాకిట్లోంచి పో. పెరట్లోకి వచ్చినావంటే నాకు తెల్దు. అవి కుడితే నన్ననొద్దు” అనేది. మల్లెపూలు పెట్టుకున్న రోజు బట్టలారేయడానికి కూడా వెనక్కి పోనిచ్చేది కాదు. అద్దె కట్టేది నేను, పెరడు ఏలేది ఈగలు. ఒకసారి కోపం వచ్చి, ఇల్లు ఖాళీ చేస్తానన్నాను. “చెయ్. నువ్వు పోతే ఇంగో టీచరమ్మ వస్తాది. ఈగలు పోతే వస్తాయా?” అంది. నేను ఖాళీ చేయలేదు.

ఎండాకాలం ఆ ఊరికి ట్యాంకరు వస్తేనే నీళ్ళు. బిందెలతో వీధంతా కొట్లాట. అందులోంచే ఒక చెంబు తీసి, పళ్ళెంలో గులకరాళ్ళు పరిచి, ఈగలు మునిగిపోకుండా ఆ రాళ్ళ సందుల్లో నీళ్ళు పోసేది. పెద్దామె అడ్డగోడ మీద నుంచి చూసి, “మనుషులకే దిక్కులేదు, ఈగలకు పండగ” అనేది. ఈమె తలెత్తకుండా, “నా వంతు నీళ్ళు నేను ఎవరికి పోసుకుంటే నీకేమక్కా” అనేది. ఇద్దరూ అంతటితో ఊరుకునేవాళ్ళు. ఆ రోజుల్లో వాళ్ళ మధ్య ఉన్నది ఆ మాత్రం ఎకసెక్కమే.

వానలు నాలుగు చినుకులు రాలి వెనక్కి తగ్గాక కందిరీగలు దిగేవి. పెట్టె గుమ్మానికి ఎదురుగా గాలిలో కదలకుండా నిలబడతాయి. పువ్వుల మీద తిరిగి తిరిగి, కాళ్ళకు పుప్పొడి అంటించుకుని ఇంటికొచ్చే ఈగను గుమ్మం ముందరే పట్టేస్తాయి. పట్టుకుపోయి వేపకొమ్మకు వేలాడి, తల కొరికి పారేసి, రెక్కలు కొరికి పారేసి, మధ్య ముక్కను ఉండ చేసుకుని తమ గూట్లో పిల్లలకు తీసుకుపోతాయి. ఆ చెట్టు కింద చీపురు పెడితే ఈగల తలకాయలు, రెక్కలు వచ్చేవి.

దానికి ఆమె చేతిలో ఆయుధం పీర్ల పండగ అంగట్లో కొన్న పిల్లల షటిల్ బ్యాటు. తీగ తెగిన చోటల్లా గోతాం దారంతో, పాత చీర అంచు పోగుతో అల్లుకుంది. పోనుపోను అది నులక మంచం మాదిరి తయారైంది. మోకాలి నొప్పికి ఎడమకాలు బారచాపుకుని, దవడకు ఆకువక్క పెట్టుకుని, పొద్దెక్కినప్పటి నుంచి కూర్చునేది. తిరిగే కందిరీగ జోలికి పోయేది కాదు. “తిరిగేదాన్ని కొడితే ఈగకు తగుల్తాది. నిలిచిందాన్ని కొట్టల్ల” అనేది. దెబ్బ వేసే ముందు నాలుక కొస పళ్ళ మధ్యకు వచ్చేది. దెబ్బ పడగానే తిట్టు. “నీ పాడె గట్ట. నీకు ఊర్లో ఇంగేమీ దొరకలేదా?” పక్కనే కాపు కాసే నాటుకోడి ఒకటి ఆ పడినదాన్ని ముక్కున కరుచుకుని పరుగెత్తేది. పొరపాటున ఎప్పుడన్నా ఈగకు దెబ్బ తగిలితే మాత్రం తిట్టు ఉండేది కాదు. నోట్లో ఆకువక్క ఉమ్మేసి, ఆ పూటంతా మళ్ళీ వేసుకునేది కాదు. అది తనకు తాను వేసుకున్న శిక్ష అని నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. అడిగితే పండ్లు నొప్పి అని చెప్పింది.

ఒక ఆదివారం నన్ను కేకేసి పిలిచింది. పెట్టె గుమ్మం దగ్గర ఈగలన్నీ కలిసి ఒక కందిరీగను చుట్టుముట్టి ఉండకట్టాయి. ఆ ఉండ అట్లాగే కదులుతూ ఉంది. కాసేపటికి విడిపోతే లోపలి కందిరీగ చచ్చి కిందపడింది. ఈగలు తమ ఒంటి వేడితోనే దాన్ని ఉడకబెట్టి చంపాయట. ఆమె ముఖంలో అంత సంతోషం నేను అంతకు ముందు చూడలేదు. “చూసినావా? కుట్టలేదు, కరవలేదు. అన్నీ కలిసి మీద పడినాయి అంతే. మన ఊర్లో కూడుతారా ఇట్ల ఒగరి కోసం నలుగురు?” అంది. ఆ ఊరు నాకూ తెలుసు.

నేను వచ్చిన మొదటి ఏడు కందిరీగల గూడు ఊరి బయట పాడుబడ్డ మోటారు గదిలో ఉండింది. నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కందిరీగ ఎటు ఎగిరితే అటు ఆ మోకాలితోనే కుంటుకుంటూ పోయి కనిపెట్టింది. పొగబెట్టి తీసేసింది. ఆ ఏడు పెట్టెలు నిండుగా ఉన్నాయి. ఊరి చుట్టూ పొద్దుతిరుగుడు చేలు, కర్బూజా తోటలు, చీనీ అనే బత్తాయి చెట్లు, అన్నింటి మీదా ఆమె ఈగలే. పువ్వు మీద ఈగ తిరిగితేనే గింజ పట్టేదీ కాయ నిలిచేదీ. ఆమె బావ పొద్దుతిరుగుడు చేను పెరటికి కూతవేటు దూరంలోనే ఉంది. ఒక్కో పువ్వు గింజ నిండి బరువుకు వాలిపోతే జనం ఆగి చూసి పోయేవాళ్ళు. ఆయన మందుల షాపువాడిని మెచ్చుకున్నాడు, దేవుడిని మెచ్చుకున్నాడు. మరదలి పెట్టెల మాట నేను ఎత్తితే నవ్వి, “అవునవును, అవీ ఉండాయి గదా” అన్నాడు.

రెండో ఏడు కందిరీగల వెంట ఆమె ఎక్కువ దూరం నడవాల్సిన పని లేకపోయింది. పెరట్లోంచి లేచినవి లేచినట్టే అడ్డగోడ దాటి బావ ఇంటి నడవలోకి పోతున్నాయి. పాత రాతికట్టు గోడ. మట్టి రాలి సందు పడిన చోట లోపలంతా గూడు పెట్టాయి. సందు మూతికి మట్టితో అంచు కట్టుకున్నాయి.

పద్ధతిగా వీధి చుట్టూ తిరిగి వాళ్ళ వాకిట్లోంచే పోయింది. నేనూ వెంట వెళ్ళాను. పెద్దామె అరుగు మీద బియ్యం చెరుగుతోంది.

“అక్కా, మీ నడవలో గోడ సందున కందిరీగలు గూడు కట్టినాయి. పొద్దుగూకుతూనే పొగబెట్టి తీసేస్తా. మీరు కొంచేపు తలుపేసుకుని లోపల ఉంటే చాలు.”

పెద్దామె చేట ఆపలేదు. “తెలుసు. నేనూ చూసినా. దాన్ని ముట్టొద్దు.”

“కుడతాయి అక్కా.”

“కుట్టనీ. ఇంట్లో గూడు కడితే ఆ ఇంట్లో కడుపు పండుతాది. ఎన్నేండ్లకు కట్టినాయో. చూస్తా చూస్తా పీక్కుంటామా?”

ఆ నమ్మకం ఆ పక్క చాలా ఇళ్ళల్లో ఉంది. కుమ్మరి పురుగని ఒకటి ఉంటుంది, సన్నటి నడుముతో, ఎవరి జోలికీ పోకుండా. అది గోడకో దూలానికో చిన్న ముంత మాదిరి మట్టిగూడు కడితే ఆ ఇంట్లో బిడ్డ పుడుతుందని పెద్దవాళ్ళు ఆ గూడును రాలగొట్టనివ్వరు. పెద్దామె కోడలు కాపురానికి వచ్చి ఏళ్ళు గడిచాయి. గుళ్ళు తిరిగారు, అనంతపురం ఆసుపత్రులు తిరిగారు. ఆ ఆశలో కుమ్మరి పురుగు ఏది, కందిరీగ ఏది అని చూసే ఓపిక పెద్దామెకు లేకపోయింది.

“అది కుమ్మరి పురుగు గూటికి చెప్పే మాట అక్కా,” అంది ఈమె. “ఇది కందిరీగ. వేటాడి తినే జాతి. దీనికీ కడుపుకూ ఏం సంబంధం?”

“మట్టితోనే గదా మూతి కట్టినాయి. మట్టిగూడు ఏదయితే ఏమి?”

“నా పెట్టెలు పోతాయక్కా.”

అప్పుడు ఆగింది చేట. “నీకు పెట్టెలు, నాకు వంశం” అంది పెద్దామె. గొంతు పెంచకుండానే, “ఇంగెవురన్నా వచ్చి అడిగింటే ఒగ తీరు. నువ్వడగొచ్చునా ఈ మాట? నీకు కాలేదని మాకూ కావద్దా?” అంది.

తిట్టడంలో ఊరంతటికీ పేరెన్నిక గన్న మనిషి ఆ రోజు ఒక్క మాట తిరిగి అనలేదు. కొంగు దోపుకుని, ఎడమకాలు ఈడ్చుకుంటూ ఇంటికి వచ్చి, బ్యాటు తీసుకుని బండ మీద కూర్చుంది.

నాకు మాత్రం కోపం ఆగలేదు. నేరుగా ఆమె బావ దగ్గరికి పోయాను. మంచి మర్యాదస్థుడు. కుర్చీ వేయించి, టీ తెప్పించాడు. నేను చెప్పిందంతా విని, “మీరు చెప్పేది నిజమే మేడం. సైన్సు ప్రకారం అదే కరెక్టు. కానీ ఇంట్లో ఆడోళ్ళ నమ్మకం. నేనేం చేసేది చెప్పండి?” అన్నాడు. ఆ ఇంట్లో పప్పులో ఉప్పెంత వేయాలో కూడా చెప్పేది ఆయనే. ఆయన మాట లేకుండా ఆ కొడుకు లారీ బాడుగకు కూడా పోడు. ఈ ఒక్క సంగతిలోనే ఆయనకు చేతులు కట్టేసినట్టయింది. ఆ టీ నేను తాగకుండా లేచి వచ్చాను. తాగి ఉంటే ఏమీ తేడా ఉండేది కాదు, కానీ తాగలేదు.

ఆ తర్వాత రోజులు చూడడానికి కష్టంగా ఉండేవి. ఒకదాన్ని కొడితే దాని వెనకే ఇంకోటి. గూడు గోడ అవతలే ఉంటే ఎన్నని కొడుతుంది? ఆమె అన్నం పళ్ళెం కూడా బండ మీదికే తెచ్చుకునేది. కందిరీగ దగ్గరికి రాగానే పెట్టె ముఖాన ఉన్న ఈగలన్నీ ఒక్కసారి ఒళ్ళు విదిలించేవి. అంతకంటే అవి చేయగలిగింది లేదు. పోనుపోను బయటికి రావడమే మానేశాయి.

ఒక మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చుని పిల్లల నోటు పుస్తకాలు దిద్దుకుంటున్నాను. తనంతట తానే చెప్పింది.

“నేను కాపురానికి వచ్చినంక దినామూ లేస్తూనే గోడలు చూసేదాన్ని టీచరమ్మా. దూలాల కింద, దేవుని పటం వెనకాల, దంతెల సందున. ఒక్క పురుగూ గూడు కట్టలే. మా అత్త అనేది, పురుగులకు గూడా తెలుస్తాదిలే అని.” అంటూనే బ్యాటు లేచింది, దెబ్బ పడింది. “నీ నోట్లో మన్ను పడ” అంది. అది కందిరీగకో, అత్తకో నేను అడగలేదు.

అత్తామామలు వజ్రకరూరులో పెండ్లికి పోయిన రోజు ఆ కోడలు పిల్ల వెనక దారిన వచ్చింది. ఆ పిల్లకు చిన్నత్త అంటే ఇష్టం. ఆ ఇంట్లో తనను ఏదీ అడగని మనిషి ఈమె ఒక్కతే.

“చిన్నత్తా, ఇప్పుడు తీసెయ్. పొగబెట్టు. వాళ్ళొచ్చి అడిగితే అవే పోయినాయని చెప్తా.”

ఆమె బ్యాటు దించలేదు. పెట్టె మీది చూపూ తిప్పలేదు. “నీకు నమ్మకం ఉండాదా దాని మీద?”

ఆ పిల్ల అడ్డగోడ వైపు చూసింది.

“నిన్నే అడిగేది. ఉండాదా, లేదా?”

“తెల్దు చిన్నత్తా. అనంతపురంలో డాక్టరమ్మ నాకేమీ లోపం లేదనింది. ఆయప్పకూ లేదనింది. అయినా కాలే. ఇంగ ఏది నమ్మల్లో నాకు తెల్దు.”

“అట్లయితే ఉండాది. పో, పోయి అన్నం తిను.”

“మరి పెట్టెలు...”

“పొమ్మంటి గదా.”

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ పోయింది. నేను ఆమె మీద విరుచుకుపడ్డాను. ఆ ఇంటి పిల్లే తనంతట తాను వచ్చి తీసెయ్యమంటే కాదనే మనిషిని ఏమనాలి? “రేపు బిడ్డ కాకపోతే నీ పేరు చెప్తారని భయమా అక్కా?” అన్నాను.

“అది ఎప్పుడూ చెప్పేదే” అంది. ఆకువక్క ఇంకో దవడకు తోసుకుంది. “ఆ పిల్ల పొద్దున లేస్తూనే పోయి ఆ గోడ చూసుకుంటాంది టీచరమ్మా. గోడ మీద నుంచి నేను చూసినా.” “చూసుకోనీ” అంది.

నాకు ఏడుపొచ్చింది. లోపలికి వెళ్ళిపోయాను.

పెట్టెలు ఒకటి వెనక ఒకటి పోయాయి. కొన్నింట్లో కందిరీగలు లోపలికే దూరి, పిల్ల పురుగులను కూడా లాక్కుపోయాయి. ఆఖరి పెట్టె మీద ఆమె పగలంతా చూపు తీయలేదు. ఒకరోజు నేను అన్నానికి ఇంటికి వచ్చేసరికి పెరడంతా రొద. మిగిలిన ఈగలన్నీ రాణీగతో సహా పెట్టెలోంచి బయటికి వచ్చేసి, వేపచెట్టు చుట్టూ తిరిగి, చీనీ తోటల వైపు లేచిపోతున్నాయి. ఎదురింటామె పళ్ళెం గరిటె తెచ్చి, చప్పుడు చేస్తే దిగుతాయి అని పరుగెత్తుకొచ్చింది. ఈమె ఆ చెయ్యి పట్టి ఆపింది.

“వద్దు. పోనీ. ఈడ బతకలేవు.”

మరుసటి రోజు పొద్దున చూస్తే బ్యాటు ఒళ్ళో పెట్టుకుని ఆ బండ మీదే కూర్చుని ఉంది. ఎందుకక్కా అన్నాను. “ఊరికే” అంది.

చలి మొదలయ్యాక కోడలు పిల్ల నెల తప్పింది. పెద్దామె గోడ సందుకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, టెంకాయ కొట్టింది. ఊళ్ళో ఆడవాళ్ళు వచ్చి ఆ గోడకు దండం పెట్టుకుని పోయారు. కందిరీగలు చలికి సద్దుమణిగి, ఎండలు తగ్గాక మళ్ళీ అదే సందులో చేరాయి. ఇటు పక్క ఈమె ఖాళీ పెట్టెలు కడిగి, ఎండబెట్టి, లోపల మైనం రుద్ది, ఎక్కడన్నా గుంపు వచ్చి చేరుతుందేమోనని రాళ్ళ మీద పెట్టింది. చేరలేదు. ఒక్కోసారి ఒకటో రెండో ఈగలు వచ్చి గుమ్మంలో తొంగిచూసి పోయేవి. అవి వచ్చిన రోజు ఆమె నన్ను అన్నం తిన్నావా అని అడిగేది.

మగబిడ్డ పుట్టాడు. పేరు పెట్టే రోజు పందిరి వేశారు. ఆ పొద్దున పెరట్లో గొడ్డలి చప్పుడు వినిపించింది. వంటలకు కట్టెలు కొడుతోందనుకుని నేను తలస్నానానికి పోయాను. తయారై వచ్చేసరికి పెద్దామె గుమ్మంలో నిలబడి ఉంది.

“తేనె ఉంటే రవ్వంత ఇయ్యి. బిడ్డ నాలిక మీద పెట్టల్ల. అంగడి తేనె పాకం మాదిరి ఉంటాది, నమ్మేకి లేదు.”

ఇంత జరిగాక ఆ మాట అడగడానికి నోరెట్లా వచ్చిందా అని నేను పెద్దామె ముఖంలోకి చూశాను. ఆ ముఖంలో సంతోషం తప్ప ఏమీ లేదు. ఆమెకు నిజంగానే ఏమీ తట్టలేదు. ఈమె లోపలికి పోయి చివరి సీసా తెచ్చి ఇచ్చేసింది.

ఆ తేనెను బిడ్డ నోటికి పెట్టడానికి ఆమెను పిలవలేదు. పిల్లలు గల ముత్తైదువలు ఒకరి తర్వాత ఒకరు వెండి గిన్నెలో వేలు ముంచి పెట్టారు. ఆమె పందిరి వెనక పొయ్యిల దగ్గర, చెమటలు కక్కుతూ పాయసం కలుపుతూ ఉంది. పిలుస్తారని ఆమె అనుకోలేదు. నేనే అనుకున్నాను.

తీపి వాసన కందిరీగలకు చెప్పాలా? మొదట ఒకటి గిన్నె అంచున వాలింది. తర్వాత నాలుగైదు. ఒకటి బిడ్డ గడ్డం మీద తేనె మరక దగ్గర వాలితే తల్లి కెవ్వుమని చేత్తో తోసింది. అది పోయి పెద్దామె పెదవి మీద కుట్టింది. ఆ ఒక్క కుట్టుతో వంశం, నమ్మకం, పసుపు కుంకుమ, అన్నీ పక్కకు పోయాయి. “బిడ్డను కుట్టింటే ఏం గతి” అని అరిచింది పెద్దామె. ఇంట్లో ఆడవాళ్ళ నమ్మకానికి ఏమీ చేయలేని ఆ పెద్దమనిషి, చీనీ చెట్లకు మందు కొట్టే పంపు తెప్పించి, పట్టపగలే ఆ సందులోకి తానే కొట్టాడు. చుట్టాలు విస్తళ్ళు వదిలి వీధిలోకి పరుగెత్తారు. మందుకు చచ్చినవి చావగా, మిగిలినవి నడవంతా గుప్పుమని లేచాయి.

తల్లీబిడ్డా అప్పటికే నడవ పక్క గదిలోకి చేరారు. తలుపు సరిగా పడదు. అందరూ పారిపోతుంటే ఎదురు వచ్చింది ఆమె, చేతిలో బ్యాటుతో. గది గుమ్మానికి అడ్డంగా నిలబడింది. నాలుక కొస పళ్ళ మధ్యకు వచ్చింది. నిలిచిందాన్ని నిలిచినట్టే కొట్టింది. ఆమెను మెడ మీద కుట్టాయి, చేతుల మీద కుట్టాయి. తిట్టలేదు. ఆ గొడవంతా అణిగేవరకు ఒక్క కందిరీగ ఆ గుమ్మం దాటలేదు. లోపలి నుంచి ఆ పిల్ల, “చిన్నత్తా, నువ్వూ లోపలికి రా” అని పిలుస్తూనే ఉంది. ఆమె పోలేదు.

గడ్డపారతో సందు పెళ్ళగించి, గూడు పొరలు పొరలుగా తీసి తగలబెట్టి, మట్టి మెత్తేశారు. చుట్టాలు తిరిగి వచ్చి పాయసం కూడా తిన్నారు. అంతా సర్దుకున్నాక ఆమె బావ చేతులు కడుక్కుని తమ పెరట్లోని పొయ్యిల దగ్గరికి వచ్చాడు. ఆమె పొయ్యిల మీద నీళ్ళు చల్లి ఆర్పుతోంది. మెడ వాచి తల తిప్పలేకుండా ఉంది. ఆయనకు మనసు బాగున్నట్టుంది.

“చూసినావు గదమ్మా. వేళ్ళతో సహా తీసేసినాం. ఇంగ నీ పెట్టెలకు ఏ భయమూ లేదులే.”

వెటకారం కాదు. మంచి మాట చెప్తున్నాననే అనుకున్నాడు. నాకు అదే భరించరానిదైంది.

ఆమె చెంబు కింద పెట్టింది. “పెట్టెలు యాడుండాయి బావా? కట్టెలు చాలవని పొద్దున అక్క అంటే కొట్టి ఇచ్చినా. మీరు తిన్న పాయసం వాటి మీద ఉడికిందే.”

నేను అప్పుడు చూశాను అడ్డగోడ మీదుగా వేపచెట్టు కిందికి. రాళ్ళు మాత్రమే ఉన్నాయి.

ఆయన పొయ్యి వైపు చూశాడు. బూడిదలో ఇంకా ఎర్రగా ఉన్న చెక్క ముక్క ఒకటి చిటపటలాడి చల్లారింది. లోపల బిడ్డ ఏడుపు అందుకున్నాడు.

“పోండి బావా,” అంది ఆమె, మళ్ళీ చెంబు తీసుకుంటూ. “మనవడు ఏడుస్తాండాడు. పోయి ఎత్తుకోండి.”